ఇంజిన్ చెడిన స్కార్పియోనే కొనమన్నాను: ఒక కేస్ స్టడీ

నల్లగొండలో డీజిల్ బండ్ల రిపేరు నా వృత్తి. పాత బండి కొనబోయేవాళ్లు ముందుగా నాకు చూపించుకోవడం కొన్నేళ్లుగా అందులో భాగమైపోయింది. ఈ కేసులో నేను వద్దన్న బండి ఇంజిన్ చాలా బాగుంది. కొనమన్న బండికి హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కూ దాని మీదుండే హెడ్‌కూ మధ్య గాలి, నీళ్లు కారకుండా ఆపే పొర) పోయింది. ఎందుకలా చెప్పానో వివరంగా రాస్తే పాత ఎస్‌యూవీ కొనేవాళ్లకు పనికొస్తుందనిపించింది. పేర్లు, ఊరు, బండి నంబరు తీసేశాను.

నేపథ్యం

కొనదలచినాయన దేవరకొండ వైపు బత్తాయి రైతు. ఇంట్లో ఆరుగురు. తోటకు వెళ్లే బాట వానకాలంలో మొత్తం బురద. తల్లికి మోకాళ్ల నొప్పులు, ఆమెను అప్పుడప్పుడూ హైదరాబాద్ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏడాదికోసారి డిండి, మన్ననూరు మీదుగా శ్రీశైలం. పంట డబ్బు చేతిలో ఉంది, అప్పు చేయడం ఇష్టం లేదు. అన్నీ కలిపి 4,50,000 దాటకూడదన్నాడు.

బండి సంగతి కంటే ముందు ఎవరు కూర్చుంటారు, ఎక్కడ తిరుగుతారు అనేదే అడుగుతాను. పొలం పనికే అయితే పాత బొలెరో చాలు, సామాన్లు చవక, ఏ ఊళ్లో చెడినా బాగుచేసేవాడు దొరుకుతాడు. కానీ ఆరుగురు ఎక్కితే ఇద్దరు వెనక అడ్డ సీట్లలో కూర్చోవాలి. శ్రీశైలం దాకా అలా కూర్చుని వెళ్లడం కష్టం. ఇన్నోవా బాగుంటుంది కానీ ఆ డబ్బుకు వచ్చేది టాక్సీగా తిరిగి తిరిగి అలసిన బండే. అందుకే ఆయన స్కార్పియో అనుకోవడం నాకూ సరైనదే అనిపించింది.

సమస్య ఎలా వచ్చింది

ఆయన నా దగ్గరికి వచ్చేసరికే ఒక బ్రోకర్‌కు 20,000 బయానా ఇచ్చేశాడు. 2013 మోడల్, ఎమ్‌హాక్ ఇంజిన్, ఒకటే ఓనరు, 1,18,000 కిలోమీటర్లు, ధర 4,10,000. ఏపీ 24 నంబరు, అంటే రాష్ట్రం విడిపోకముందు మన నల్లగొండలోనే రిజిస్టర్ అయిన బండి.

"ఇంజిన్ మంచిగున్నది, ఏసీ సల్లగ కొడ్తున్నది. మీరొక్కసారి చూసి సరే అనుర్రి మేస్త్రీ. ఇంకో పార్టీ రేపే తీస్కపోతమంటున్నరట" అన్నాడు.

"ఆ ఇంకో పార్టీ ప్రతి బండికీ ఉంటదన్నా. బండి తెప్పించు, చూద్దాం" అన్నాను.

మొదటి చూపు

బ్రోకర్ బండిని మిట్టమధ్యాహ్నం తెచ్చాడు. బానెట్ మీద చెయ్యి పెడితే కాలుతోంది. దూరం నుంచి నడిపించుకొచ్చాడు కాబట్టి అది సహజమే, కానీ వేడి ఇంజిన్ చాలా జబ్బులు దాచేస్తుంది. స్కానర్ పెడితే ఒక్క ఫాల్ట్ కోడ్ కూడా లేదు. దాన్ని నేను లెక్కలోకి తీసుకోను. ముందురోజు ఎవరైనా చెరిపేసినా అలాగే కనిపిస్తుంది.

స్కానర్‌లో నేను చూసేది లైవ్ డేటా, అంటే ఇంజిన్ నడుస్తుండగా వచ్చే కొలతలు. పానగల్ వైపు రోడ్డు మీద 60 స్పీడులో నడుపుతూ కూలెంట్ టెంపరేచర్ చూశాను. 65 డిగ్రీల దగ్గరే ఆగింది. మంచి ఇంజిన్ 80 దాటి, అక్కడక్కడే నిలకడగా ఉండాలి. అది ఏప్రిల్ నెల, బయట 40 డిగ్రీల ఎండ. అయినా ఇంజిన్ వేడెక్కడం లేదు.

రైతుకు ఇది శుభవార్తలా వినిపించింది. "వేడి కాకుంటే మంచిదే గద మేస్త్రీ?" అన్నాడు. కాదు. ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపే వాల్వ్ థర్మోస్టాట్. దాన్ని పీకేస్తే నీళ్లు ఎప్పుడూ రేడియేటర్ గుండా తిరుగుతూనే ఉంటాయి, ఖాళీ రోడ్డు మీద ఇంజిన్ చల్లగా ఉంటుంది. ఇంజిన్ ఓవర్‌హీట్ అవుతుంటే మన దగ్గర చాలామంది మొదట చేసే పని ఇదే. అసలు జబ్బు అలాగే ఉంటుంది, చిన్న టెస్ట్ డ్రైవ్‌లో మాత్రం బయటపడదు. బరువుతో ఎత్తు ఎక్కినప్పుడు బయటపడుతుంది.

అంటే ఎప్పుడో ఒకప్పుడు ఈ బండి గట్టిగా ఓవర్‌హీట్ అయ్యుండాలి. అది అనుమానం మాత్రమే, దాన్నిబట్టి బండిని తిప్పి పంపడం న్యాయం కాదు. బండిని రాత్రికి నా షెడ్డులో వదలమన్నాను. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, తెల్లవారి నేనే మొదటి సెల్ఫ్ కొట్టాలి. బ్రోకర్ ముఖం మాడ్చుకున్నా, లేకుంటే బయానా తిరిగివ్వాల్సి వస్తుందన్న భయంతో ఒప్పుకున్నాడు.

చల్లారిన ఇంజిన్ చెప్పింది

పొద్దున బానెట్ ఎత్తి రేడియేటర్ పై హోస్ నొక్కాను. రాత్రంతా చల్లారిన బండికి ఆ హోస్ మెత్తగా ఉండాలి. ఇది గట్టిగా ఉంది. మూత తిప్పితే బుస్సుమని గాలి వచ్చింది. సిలిండర్‌లోని కంప్రెషన్ గాలి నీళ్లలోకి చొరబడుతుంటేనే చల్లటి ఇంజిన్‌లో అలా ఒత్తిడి నిలుస్తుంది. సెల్ఫ్ కొట్టగానే ఒక సిలిండర్ సరిగా మండలేదు, తెల్లటి పొగ, అర నిమిషంలో సర్దుకుంది. రాత్రి ఆ సిలిండర్‌లోకి కాస్త నీళ్లు కారాయన్నమాట. కూలెంట్ ట్యాంకులో ఆగకుండా బుడగలు. కూలెంట్‌లో ఇంజిన్ పొగ కలిసిందో లేదో చెప్పే గ్యాస్ టెస్టర్‌లోని నీలం మందు రంగు మారింది. దాంతో ఇక అనుమానం లేదు. హెడ్ గ్యాస్కెట్ పోయింది, లేదా హెడ్డే పగిలింది.

రేడియేటర్ మూతి చుట్టూ తెల్లగా పేరుకుని ఉంది. ఈ ప్రాంతంలో ఇది నాకు రోజూ కనిపించేదే. నల్లగొండ నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది, రేడియేటర్‌కు చేటు చేసేది మాత్రం బోరు నీళ్లలోని ఉప్పులు. గిన్నెలకు, గీజర్‌కు తెల్లగా పట్టేదే సన్నటి రేడియేటర్ గొట్టాల్లోనూ పడుతుంది. దారిలో కూలెంట్ తగ్గితే పక్క పొలం బోరు నుంచి సీసాతో నీళ్లు పోస్తారు, ఆ తర్వాత అదే అలవాటవుతుంది. గొట్టాలు మూసుకుపోతాయి, ఇంజిన్ వేడెక్కుతుంది, అల్యూమినియం హెడ్ వంగుతుంది. ఇది బండి లోపం కాదు, పోసిన నీళ్ల లోపం.

సగటు కొనుగోలుదారు ఇక్కడితో వద్దనుకుని వెళ్లిపోతాడు. నేను మిగతాదీ చూశాను, ఎందుకంటే జబ్బు ఎంతవరకు పాకిందో తెలియకుండా బండికి విలువ కట్టలేం. ఆయిల్ మూత తెరిచి ఇంజిన్ నడిపితే పొగ పెద్దగా కొట్టలేదు, అంటే పిస్టన్ రింగులు ఇంకా పట్టుమీదే ఉన్నాయి. ఆయిల్ పాలలా మారలేదు, నీళ్లు ఆయిల్‌లో కలవలేదు. ఇంజెక్టర్లు వెనక్కి వదిలే డీజిల్ ఎంతో కొలవడానికి వాటి రిటర్న్ పైపులకు సీసాలు కట్టి చూస్తే మూడు సమానం, ఒకటి కాస్త ఎక్కువ. టర్బో షాఫ్ట్‌లో ఊగులాట లేదు. సిలిండర్ బోరు పని, ఇంజెక్టర్లు, టర్బో... ఎక్కువ ఖర్చు వచ్చేవి ఈ మూడే, ఆ మూడింటికీ ఇంకా ముప్పు రాలేదు.

తర్వాత లిఫ్ట్ ఎక్కించి కిందకు దూరాను. స్కార్పియోలాంటి బండికి బాడీ వేరు, దాన్ని మోసే ఉక్కు చట్రం, అంటే ఛాసిస్ వేరు. ఛాసిస్ మీద కొత్త వెల్డింగ్, కొత్త నల్ల పెయింట్, ముడత, పగులు ఏవీ లేవు. కొత్త నల్ల పెయింట్ కనిపిస్తే దాని కింద ఏదో దాచారేమోనని నేను భయపడతాను. కొట్టిన ఛాసిస్ నంబరు చెక్కుచెదరలేదు, ఆర్‌సీతో సరిపోయింది. అందులో పదో అక్షరం సి, అంటే తయారైంది 2012లో. 2013 మొదట్లో రిజిస్టర్ చేశారు కాబట్టి బ్రోకర్ 2013 మోడల్ అంటున్నాడు. టైరు మీద చివరి నాలుగు అంకెలు 1418, అంటే 2018లో 14వ వారం. గీతలు కనిపిస్తున్నా రబ్బరు బీటలు వారింది. ముందు చక్రాలను పట్టి ఉంచే కింది ఆర్మ్ బాల్ జాయింట్లు వదులు. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్‌లో చాలా బండ్లు మునిగాయి, అప్పటినుంచి సీటు బెల్టును చివరిదాకా లాగి చూడటం నాకు అలవాటైంది. పాత నీటి మరక గానీ, సీటు పట్టాల కింద ఒండ్రు గానీ లేవు.

ఇక మీటరు. 1,18,000 తిరిగిన బండికి క్లచ్ పెడల్ రబ్బరు అంతలా అరగదు. సర్వీసు రికార్డు తీయిస్తే 2019లోనే 1,46,000 దాటి ఉంది. ఎవరో మీటరు వెనక్కి తిప్పారు.

రైతు అక్కడికక్కడే లేచి "బయానా పోతే పోయె, ఈ బండి నాకొద్దు" అన్నాడు. నేను ఆగమన్నాను. మీటరు తిప్పింది ఎవరో ముందు తెలియాలి. ఓనరే తిప్పి ఉంటే ఆయన మాట ఏదీ నమ్మలేం. బ్రోకర్ తిప్పి ఉంటే లెక్క వేరు.

ఫలించని దారులు

హెడ్ గ్యాస్కెట్ సంగతి చెప్పగానే బ్రోకర్ 25,000 తగ్గిస్తానన్నాడు. రైతుకు ఆశ పుట్టింది. హెడ్ విప్పకుండా ఆ బేరానికి ఒప్పుకోవద్దన్నాను. వంగిన హెడ్ అయితే ఫేసింగ్ (అడుగును చదును చేయడం) చేయిస్తే సరిపోతుంది. పగిలితే కొత్త హెడ్. బ్లాకే పగిలితే ఇంజినే మార్చాలి. ఈ మూడింటికీ ఒకే తగ్గింపు ఎలా సరిపోతుంది?

తర్వాత బ్రోకర్ బండి తీసుకెళ్లి, వారం తిరక్కుండానే "ఫుల్లు రెడీ, చెక్ చేసుకో" అంటూ తెచ్చాడు. పైన మెరిసే రేడియేటర్, పచ్చటి కొత్త కూలెంట్. రైతు, ఇంటివాళ్లు, బత్తాయి డబ్బాలు... మొత్తం బరువుతో సాగర్‌కు వెళ్లాం. పైలాన్ కాలనీ నుంచి హిల్ కాలనీకి ఎక్కే చోట ఏసీ వేసి, చిన్న గేరులో మెల్లగా నడిపించాను. టెంపరేచర్ 100 దాటి ఇంకా పైకి పోతోంది. అదే సమయంలో హీటర్ ఫుల్లుగా పెడితే లోపలికి చల్లటి గాలి వచ్చింది. ఇంజిన్ ఉడికిపోతూ హీటర్ చల్లగా ఉందంటే అక్కడికి వేడి నీళ్లు చేరడం లేదు. కూలెంట్ ట్యాంకు అడుగున మెరుపు పొడి ఉంది. లీకులు ఆపే మందు పోశారు, అది హీటర్ సన్న గొట్టాలను కూడా మూసేసింది. పక్కకు ఆపి, ఇంజిన్ చల్లారాక మెల్లగా తిరిగొచ్చాం. పాత ఎస్‌యూవీని టెస్ట్ డ్రైవ్ చేసేవాళ్లు ఇంటివాళ్లందరినీ ఎక్కించుకుని, ఎత్తు ఉన్న రోడ్డు మీదే నడపాలి. హీటర్ పరీక్షకు ఖర్చేమీ లేదు, ఎండాకాలంలో అయినా చేయాలి.

ఈ లోపు రైతు బావమరిది హైదరాబాద్‌లో ఇంకో స్కార్పియో చూశాడు. ఢిల్లీ నంబరు, తొమ్మిదేళ్లు దాటింది. దానికి ఇంజిన్ నిజంగా బాగుంది, చల్లటి స్టార్ట్‌లో ఒక్క వంక దొరకలేదు. ధర కూడా తక్కువ. ఎందుకు తక్కువో చెప్పాను. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015లో జాతీయ గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు కూడా దాన్నే నిలబెట్టింది. అందుకే అక్కడి బండ్లు మన వైపు వచ్చేవి. రావడం తప్పేమీ కాదు. కానీ అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) రావాలి, ఇక్కడ బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి, కొత్త నంబరు తీసుకోవాలి. ఎన్‌ఓసీ చూపించమంటే అమ్మేవాడు సంతకాలు చేసిన ఖాళీ ఫారాలు చూపించాడు. అసలు ఓనరు ఫోన్ ఎత్తలేదు. "ఈ నంబరు మీదనే తిప్పుకోండి, ఎవడూ అడగడు" అన్నది వాళ్ల సలహా. అడిగే రోజున ఆ బండి రైతుది కాకుండా పోతుంది. వద్దన్నాను.

ఓనరును కలిశాక

నేను రెండు పట్టికలు వేశాను. ఒకదాంట్లో డబ్బు పెడితే బాగయ్యేవి: హెడ్, రేడియేటర్, బాల్ జాయింట్లు, టైర్లు. రెండోదాంట్లో డబ్బు పెట్టినా బాగుకానివి: ఛాసిస్, కాగితాలు, బండి చరిత్ర. మొదటి స్కార్పియోకు మీటరు సంగతి తప్ప జబ్బులన్నీ మొదటి పట్టికలో ఉన్నాయి. ఢిల్లీ బండికి ఉన్న ఒకే ఒక జబ్బు రెండో పట్టికలో ఉంది. అందుకే మొదటి బండి ఓనరును కలవాలన్నాను. ఆర్‌సీలో అడ్రసు ఉంది, మన జిల్లాలోనే.

ఓనరు చిన్న కాంట్రాక్టర్. అడగగానే దాచకుండా చెప్పాడు. బండి 2,40,000 దాకా తిరిగిందట. రెండేళ్ల కింద మన్ననూరు దాటాక ఘాట్‌లో ఇంజిన్ ఆగిపోతే, దొరికిన నీళ్లు పోసుకుని ఇల్లు చేరారట. ఆ తర్వాత ఎవరో థర్మోస్టాట్ వాల్వ్ తీసేశారు. మీటరు తిప్పిన సంగతి ఆయనకు తెలియదు. బ్రోకర్‌కు సంతకం చేసిన ఫారాలు ఇచ్చి, కొంత డబ్బు తీసుకుని ఊరుకున్నాడు.

ఇలా కొనేవాళ్ల పేరు లేకుండా సంతకాలు చేసి ఇచ్చే ఓపెన్ ట్రాన్స్‌ఫర్ ఎవరికి ప్రమాదమో ఆయనకు చెప్పాను. రికార్డులో పేరు మారేదాకా, బండి ఎవరి చేతిలో ఉన్నా యాక్సిడెంట్ జరిగితే నష్టపరిహారం బాధ్యత రిజిస్టర్డ్ ఓనరుదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆయన అక్కడే బ్రోకర్‌కు ఫోన్ చేసి ఫారాలు వెనక్కి తెప్పించాడు.

ఆ తర్వాత బేరం కొత్తగా మొదలైంది. షరతు ఒకటే: డబ్బు మొత్తం ఇవ్వకముందే హెడ్ విప్పాలి. బ్లాక్ పగిలి ఉంటే బేరం రద్దు, విప్పిన కూలీ రైతుది. బాగుంటే ధర 2,70,000. దీన్ని తెల్లకాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు చేశారు. విప్పిన కూలీని రైతు మీద ఎందుకు పెట్టానంటే, పోతే కొన్ని వేలతో పోతుంది, తెలియకుండా కొంటే లక్ష పోతుంది. బ్రోకర్ తన 20,000ను కమీషన్‌గా ఉంచేసుకున్నాడు. రైతుకు అది నచ్చలేదు, నాకూ నచ్చలేదు, కానీ దానికోసం నెలలు తగవులాడే ఓపిక ఎవరికీ లేదు.

హెడ్ విప్పి స్ట్రెయిట్ ఎడ్జ్ పెడితే మధ్యలో కాస్త వంగింది. ప్రెషర్ టెస్ట్‌లో పగులు లేదు. ఫేసింగ్ కంపెనీ చెప్పిన హద్దులోపే సరిపోయింది. బ్లాక్ పైభాగం వంగలేదు. మొత్తం ఖర్చు ఇలా వచ్చింది: హెడ్ పని, కొత్త బోల్టులు, రేడియేటర్, వాటర్ పంపు, థర్మోస్టాట్, హోసులు, హీటర్ శుభ్రం, కూలెంట్ కలిపి 62,000. ఆర్మ్‌లు, షాక్ అబ్జార్బర్లు 21,000. నాలుగు టైర్లు 34,000. ఒక ఇంజెక్టర్ సర్వీసు, ఆయిల్, ఫిల్టర్లు 11,000. బండి, కమీషన్ కలుపుకుంటే 4,18,000. ఇన్సూరెన్స్, ట్రాన్స్‌ఫర్ ఖర్చులు కలిపినా ఆయన అనుకున్న లోపలే అయింది.

కాగితాలకు ఒక చిక్కు మిగిలింది. ఓనరు బండి లోన్ ఎప్పుడో తీర్చేశాడు కానీ ఆర్‌సీ మీద ఫైనాన్స్ పేరు అలాగే ఉంది. బ్యాంకు ఎన్‌ఓసీ తెచ్చి, ఫారం 35 పెట్టి దాన్ని తీయించాకే పేరు మార్పు కోసం ఫారం 29, 30 పెట్టారు. పెండింగ్ చలాన్లు ఓనరు కట్టాడు. బండి ఇచ్చిన తేదీ, సమయం రాసిన కాగితం ఇద్దరి దగ్గరా ఉంది. ఇన్సూరెన్స్‌ను 14 రోజుల్లో పేరు మార్పించుకోమన్నాను. క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఓనరు సంపాదించుకున్న తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, కొన్నవాళ్లకు రాదు, ఆ తేడా ప్రీమియం ఎంతో ముందే లెక్కేయించాను.

ఈ కేసుతో నా పద్ధతిలో మారినవి

ఇప్పుడు ఎవరు బండి చూపించినా, రాత్రి షెడ్డులో ఉంచనిదే చూడను. ఒప్పుకోకపోతే ఫీజు తీసుకోను, అభిప్రాయమూ చెప్పను. రిజిస్టర్డ్ ఓనరుతో మాట్లాడించమని అడగడం కూడా మొదటి షరతైంది. దాంతో కొందరు బ్రోకర్లు నా దగ్గరికి బండ్లు తేవడం మానేశారు, అది నాకు నష్టమే. చెడిన భాగం కనిపిస్తే వద్దనడం తేలిక. అది ఏ పట్టికలో పడుతుందో తేల్చడానికి ఎక్కువ సమయం పడుతుంది, కొనేవాళ్లు మొహం చిట్లిస్తారు. అయినా ఆ సమయం తీసుకుంటాను.

దసరాకు ఆ కుటుంబం శ్రీశైలం వెళ్లొచ్చింది, ఘాట్‌లో టెంపరేచర్ 90 దగ్గరే నిలబడిందని ఆయన ఫోన్ చేశాడు. తర్వాత ఏసీ కంప్రెసర్ పోయింది. అది నేను ముందే పరీక్షించి, ఇంకొన్నాళ్లు వస్తుందని చెప్పిందే, మార్చుకున్నాడు. ఆర్‌సీ 2028 మొదట్లో ముగుస్తుంది. 15 ఏళ్లు దాటిన కార్ల రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది, ఫిట్‌నెస్ పరీక్ష, గ్రీన్ ట్యాక్స్ వేరు. అప్పుడు రెన్యువల్ చేయించాలా, అంతకు ముందే అమ్మాలా అని ఇప్పటినుంచే అడుగుతున్నాడు. 2027 వానకాలం తర్వాత ఛాసిస్ ఇంకోసారి చూసి చెబుతానన్నాను.